తాగుడు మాన్పించే పడకలకు సర్కారు డబ్బు: మన సీమ జిల్లాల్లో ఏం అడగాల?

ధర్మవరం_పోగు · ఆదివారం ఉదయం 7:40

మందు గురించి ఇక్కడ ఎప్పుడు మాట్లాడుకున్నా మాట షాపుల దగ్గరో, క్వార్టర్ రేటు దగ్గరో ఆగిపోతాంది. నేను అడిగేది వేరు. మానాలని ఉండి మానలేనివాణ్ణి నెలో రెండు నెలలో తన దగ్గర ఉంచుకుని చూసుకునే చోటు, ప్రభుత్వ ఖర్చుతో, మన జిల్లాల్లో ఎంతమందికి దొరుకుతాంది?

ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసలైనవాళ్ళలో ఏదో ఒక సాయం అందింది 38 మందిలో ఒకరికి. ఆసుపత్రిలో చేర్చుకుని వైద్యం చేసింది 180 మందిలో ఒకరికి. మా మగ్గాల వీధి అంతా కలిపినా ఆ ఒక్కరు మా వీధివాడు అయ్యే భాగ్యం లేదు.

డబ్బు లేదా అంటే, ఉంది. 2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు షాపులతో కొత్త మద్యం విధానం వచ్చినప్పుడే మాదకద్రవ్యాల నియంత్రణ, పునరావాసం పేరిట 2 శాతం సెస్ కూడా వేశారు. పునరావాసం పేరు చెప్పి తీసుకున్న రూపాయి పునరావాసానికే పోవాల. అది ఏ జిల్లాలో ఎన్ని పడకలైందో మనకు కనపడాల. మీరేమంటారు?


హంద్రీ_ఒడ్డు · 8:15

అన్నా, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోలేను. మా వీధిలో ఒకాయన డయాలసిస్‌కు వారం వారం తిరుగుతాడు. ఆయన ఏ తప్పూ చేయలేదు. అట్లాంటివాళ్ళకే పడక చాలక వరండాలో పండుకోబెడుతుంటే, సొంత చేతులతో గొంతులో పోసుకున్నవాడికి మూడు పూటలా తిండి పెట్టి నెలలు నెలలు ఉంచుకోమంటారా? మాల వేసుకున్నోళ్ళని చూడండి. కార్తీకం వచ్చిందంటే 41 రోజులు చుక్క ముట్టరు. అంటే మానాలనుకుంటే మానగలరు. మనసు లేకనే మానరు.


వార్డు_అక్క · 9:02

తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుని, కర్నూలు జిల్లాలోనే. మాల మాట ఎత్తావు కాబట్టి చెప్తాను. కార్తీకంలో మా దగ్గరికి ఫిట్స్‌తో వచ్చేవాళ్ళలో మెడలో మాల ఉన్నవాళ్ళూ ఉంటారు. ఏళ్ళ తరబడి పొద్దున లేస్తూనే తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు ఊరుకోదు. కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు కారతాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పుతుంది.

ఆ రాత్రి వార్డులో నిలబడి చూడాల. నేతపని చేసేవాడైతే మంచం మీద కూచుని లేని మగ్గాన్ని నేస్తుంటాడు. కాళ్ళతో తొక్కుతాడు, చేత్తో అటూ ఇటూ విసురుతాడు, మధ్యలో ఆగి తెగిన పోగును ముడేస్తున్నట్టు రెండు వేళ్ళు కలిపి నలుపుతాడు. ఆటో నడిపేవాడు దుప్పటి అంచు పట్టుకుని హ్యాండిల్ తిప్పుతుంటాడు. పెండ్లాం పక్కనే నిలబడి పేరు పెట్టి పిలుస్తాంటే వినపడదు. ఇంట్లో ఉండి ఉంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళు. వైద్యం అందకపోతే ఆ స్థితిలో ప్రాణం పోవచ్చు.

క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలు లెక్కగా ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తాం. థయామిన్, అంటే బి1 విటమిన్, సూది వేస్తాం. ఊళ్ళో నీరసంగా ఉన్నాడని థయామిన్ లేకుండా ఉత్త గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు, దాంతో మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. వారం పది రోజుల్లో మనిషి నిలబడతాడు, అన్నం తింటాడు, సిగ్గుపడతాడు కూడా. అక్కడికి మా పని అయిపోతుంది. డిశ్చార్జ్ కాగితం చేతికిస్తాం. బస్టాండుకు పోయే దారిలోనే షాపు. మాకున్న పడకలు ఒళ్ళు కుదుటపరచడానికి. ఆ తర్వాతి నెలలకు పడకలు లేవు, ధర్మవరం అన్న అడిగేది వాటి గురించే.


గుత్తి_కోట · 9:48

నేను తాగి మానినవాణ్ణి. హంద్రీ అన్నకు మాల మీదే నా మాట. నేనూ వేసుకున్నాను. మాల ఉన్నన్నాళ్ళు నిజంగానే ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో చూడండి. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, పూజ, వేళకు భిక్ష, రాత్రి సన్నిధానంలో అందరితోపాటు చాప మీద పడక. నన్ను పేరు పెట్టి తిట్టినవాళ్ళే స్వామీ అని పిలిచేవాళ్ళు. పాత సావాసగాళ్ళు దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రికే మళ్ళీ మొదలు.

కాబట్టి మాల ఉదాహరణ మీ వాదనకు కాదన్నా, మా వాదనకే పనికొస్తుంది. చుట్టూ మనుషులుండి, రోజుకొక పద్ధతి ఉండి, మందు కంటికి ఆనకుండా ఉంటే మానగలడు. అదే పని డాక్టరు, కౌన్సెలరు చూస్తుండగా చేస్తే నివాస కేంద్రం. నేను బాగుపడింది బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో చేరి, తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ళే ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులు వదలకుండా పోయి. మా అమ్మ ఉన్న గొర్రెలు అమ్మింది, బెంగళూరులో మా చిన్నాయన ఇల్లుంది, కాబట్టి కుదిరింది. ఆళ్ళగడ్డోడికి, ఆలూరోడికి అది కుదరదు.


మడకశిర_మల్లి · 10:30

అన్నలారా, సర్కారు పడక దొరక్కపోతే ఏమవుతాదో నేను చెప్తా. పేరు అడగొద్దండి.

ఎవరో నంబరిస్తే ఫోన్ చేశాను. రాత్రి జీపులో నలుగురొచ్చి మా ఆయన్ను ఎత్తుకుపోయినారు. డబ్బు ముందే కట్టించుకున్నారు, కమ్మలు బ్యాంకులో పెట్టి తెచ్చింది. నెలంతా ఫోన్ ఇయ్యలేదు. చూడాలని పోతే గేటు దగ్గరే, ఇప్పుడు చూస్తే మనసు కరుగుతాది, పోమ్మా అని పంపించేసినారు. ఇంటికొచ్చినాక నీళ్ళు తోడి పోస్తాంటే కనపడింది, చీలమండ పైన చుట్టూ నల్లగా గొలుసు గీత. తల గుండు. డాక్టరొచ్చేవాడా అంటే తల అడ్డంగా ఊపినాడు. ఇప్పుడు ఏ ఆసుపత్రి పేరెత్తినా వణుకుతాడు. నిజమైన డాక్టరు దగ్గరికి కూడా రానంటాడు.


బుగ్గవంక · 11:05

మల్లి అక్కా, మీకు జరిగింది చట్టప్రకారం తప్పు, ఘోరమైన తప్పు. నేను కడపలో లాయర్ని. దీని మీద నాలుగు మాటలు వివరంగా రాస్తాను, అందరికీ పనికొస్తుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. కాబట్టి అలాంటి రోగుల్ని ఉంచుకునే ఏ కేంద్రమైనా 65వ సెక్షన్ కింద నమోదు కావాలి. 95వ సెక్షన్ ప్రకారం గొలుసులు ఏ రూపంలోనూ వేయకూడదు. బలవంతంగా గుండు కొట్టించకూడదు, కూలీ ఇవ్వకుండా పని చేయించకూడదు. ఇంటివాళ్ళతో మాట్లాడుకునే హక్కు రోగికి ఉంది. ఇష్టం లేనివాణ్ణి చేర్చాలంటే 89వ సెక్షన్ ఉంది: ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్ళలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి, ఆ చేరిక 30 రోజుల వరకే చెల్లుతుంది. రాత్రి జీపులో ఎత్తుకుపోవడం ఏ సెక్షన్‌లోనూ లేదు.

ఇక అసలు విషయం, డబ్బు. 18వ సెక్షన్ చదవండి. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ డబ్బుతో నడిచే చోట మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. పేదవాళ్ళకు కార్డు ఉన్నా లేకున్నా ఉచితం. హాఫ్‌వే హోములు (ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేముందు కొన్నాళ్ళు ఉండే ఇళ్ళు), నీడనిచ్చే వసతి కూడా ప్రభుత్వం సమకూర్చాల్సిన సేవల్లోనే రాశారు. జిల్లాలో ఉండాల్సిన కనీస సేవ లేకపోతే, అదే జిల్లాలో ఇంకోచోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలి. హంద్రీ అన్నా, దయ చూపించమని ఎవరూ అడగడం లేదు. పార్లమెంటు రాసిపెట్టింది అమలు చేయమంటున్నాం.


ఆదోని_పత్తి · 11:40

కార్డు సంగతి నేను చెప్తా. ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు అంటుంది కదా, దాని మినహాయింపుల్లో డ్రగ్ రీహాబిలిటేషన్ ఉంది. అంటే కాలేయం పాడై కడుపులో నీరు చేరేదాకా ఆగితే డబ్బు పెడతారు. అంతకు ఐదేళ్ళ ముందు మానిపించడానికి పెట్టరు. అప్పటికి మనిషి చేతికొస్తాడా? మా అన్న రాలేదు.

దూరం కూడా చూడండి. ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్ల దాకా. రోగితో తోడు మనిషి ఉండాలంటారు. ఆయన కూలీ పోయె, ఆమె కూలీ పోయె, పిల్లోళ్ళు ముసలమ్మ దగ్గర. అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు తిన్నా ఇంట్లో పొయ్యి ఎట్ల వెలుగుతాది? నాలుగో రోజే ఇంటికి పోదాం పద అని ఆమే అంటుంది. వార్డులో పడక ఉచితమైనా పేదోడికి అది ఉచితం కాదు. అడిగేటప్పుడు తోడు మనిషి కూలీ కూడా అడగాల.


పెన్నా_ఇసుక · 12:20

ప్రొద్దుటూరు నుంచి. నేను కొంతకాలం ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కేంద్రంలో కౌన్సెలరుగా చేశాను. అందరూ కొత్త భవనాలు అడిగేట్టున్నారు, నాకు భయమేస్తాంది.

కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఎప్పటి నుంచో ఉంది. ఐఆర్‌సీఏ అంటారు, సమగ్ర పునరావాస కేంద్రం. స్వచ్ఛంద సంస్థ నడుపుతుంది, ఒప్పుకున్న ఖర్చులో 90 శాతం గ్రాంటు, మిగతా 10 సంస్థ తెచ్చుకోవాలి. 15 పడకలు, 30 పడకలు అని లెక్క. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ డాక్టరు పూటపనికి వచ్చేవాడు. కౌన్సెలరు జీతం చూసి చదువుకున్నవాడు నిలబడడు. నేను చేసినచోట డబ్బు వచ్చేసరికి ఏడాది తిరిగొచ్చేది, అప్పటిదాకా కిరాణా కొట్టులో ఖాతా. బియ్యం అప్పు పెరిగితే కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఆపేసేవాళ్ళం, బోర్డు మాత్రం బయట ఉండేది. నివాస కేంద్రాన్ని నడిపేది గోడలు కావు, రాత్రి డ్యూటీలో మెలకువగా ఉండే మనిషి. ఆ మనిషికి నెలనెలా జీతం పడాల.

ఇంకొకటి. బయటికి పంపినాక మొదటి మూడు నెలల్లోనే ఎక్కువమంది మళ్ళీ పడతారు. ఎవరో ఒకరు ఇంటికి పోయి పలకరించాల. మా దగ్గర ఆ పనికి బస్ చార్జీలు కూడా ఉండేవి కావు. తమిళనాడులో చెన్నై టీటీకే ఆసుపత్రి వాళ్ళు మంజక్కుడి అనే పల్లెలోనే శిబిరం పెట్టి, రోగుల్ని 15 రోజులు అక్కడే ఉంచి, ఆ తర్వాత వాళ్ళ ఊళ్ళకే పోయి చూసుకునే పద్ధతి నడిపారు. ఊరివాళ్ళే వంటకు బియ్యం, కూరగాయలు ఇచ్చేవాళ్ళట. మన దగ్గర పంట కోతలైనాక మండలానికొక శిబిరం ఎందుకు పెట్టకూడదు? ఉన్న కల్యాణమంటపం చాలు.


వార్డు_అక్క · 12:41

శిబిరం మంచిదే తమ్ముడూ, ఒప్పుకుంటా. కానీ ముందుగా ఎవరిని శిబిరంలో ఉంచొచ్చో, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాల్నో వడగట్టాల. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాడు, కామెర్లు ఉన్నవాడు, రక్తం కక్కినవాడు కల్యాణమంటపంలో ఉండకూడదు.


నందికొట్కూరు_మాస్టారు · మధ్యాహ్నం 2:10

పిల్లలూ, నేను రిటైరైన టీచర్ని. పడకలు, సెస్సులు అంటారు గానీ కుళాయి కట్టకుండా నేల తుడిస్తే ఏం లాభం? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టారు, 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో మా బడి పిల్లలు పలకా బలపం కొనుక్కుని వచ్చేవాళ్ళు, నా కళ్ళతో చూశాను. 1997లో ఎత్తేశారు. మళ్ళీ ఆ ఉద్యమమే రావాలి.


ఆదోని_పత్తి · 2:35

మాస్టారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ మాది సరిహద్దు. ఈడ రేటు పెరిగితే చాలు, కర్ణాటక టెట్రా ప్యాకెట్లు మంత్రాలయం, కోసిగి వైపు నుంచి సంచుల్లో దిగుతాయి. నిషేధం పెట్టినా బానిసైనవాడు ఆ పొద్దుటికి ఏదో ఒకటి తాగాల్సిందే, లేకుంటే అక్క చెప్పిన ఫిట్సే. షాపు మూసినా తెరిచినా పడక కావాల.


తుంగభద్ర_గట్టు · 3:20

కల్లు గురించి ఎవరూ ఎత్తలేదు. గద్వాల సరిహద్దు పల్లెల్లో అల్ప్రాజోలం, డయాజిపామ్ అనే మత్తుమందులు కలిపిన కల్లు తాగేవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేం లేరు. నాట్లు వేసి నడుములు పట్టేసి సాయంత్రం ఒక సీసా. 2015లో తెలంగాణలో దాడులు చేసి కల్తీ కల్లు ఒక్కసారిగా ఆపినప్పుడు జనం వింతగా ప్రవర్తిస్తా ఆసుపత్రులకు పోయింది గుర్తుందా? ఆ మత్తు మానడం సారాయి మానడం కంటే నిదానంగా జరగాలని అప్పుడు డాక్టర్లు చెప్పారు. మరి ఆడమనిషిని ఎక్కడ చేర్చాల? మగవాళ్ళ వార్డులోనా? మా మేనత్త ఇదే మాట మీద ఆగిపోయింది, ఎక్కడికీ పోలేదు. అడిగే పడకల్లో ఆడవాళ్ళకు విడిగా గది ఉండాలని రాయండి. చంటిబిడ్డ ఉన్నామె బిడ్డతో ఉండేట్టు రాయండి.


హంద్రీ_ఒడ్డు · 4:05

పొద్దున్నుంచీ చదువుతున్నాను. అక్క చెప్పింది, మల్లి అక్క రాసింది చదివినాక, మనసు లేక మానరు అన్న మాట నేను మళ్ళీ అనను. కానీ డబ్బు మీద నా పట్టు నాదే. సాధారణ బడ్జెట్ నుంచి ఒక్క రూపాయి కూడా డయాలసిస్ పడక నుంచి తీసి దీనికి పెట్టొద్దు. మందు అమ్మి సంపాదించేవాళ్ళు కట్టాల. సెస్ చాలకపోతే లైసెన్సు ఫీజులో భాగం తీయండి. ఆ లెక్క వేరే ఖాతాలో ఉండాల, కలెక్టరేట్ గోడ మీద అతికించాల. అట్లయితే సంతకం పెడతా.


ధర్మవరం_పోగు · 5:30

హంద్రీ తమ్ముడూ, నేను అడిగేదీ వేరే ఖాతానే. ఆ మాట మీ మాటలతోనే అర్జీలో రాస్తాను.

అందరూ చెప్పింది కలిపి చూస్తే నాకొక సంగతి తేటపడింది. మనకు లోటు మొదటి పది రోజుల దగ్గర కాదు, పదకొండో రోజు దగ్గర. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో మొదటి పది రోజులు ఎంతో కొంత జరుగుతాంది. ఆ వార్డు నుంచి నేరుగా నడుచుకుంటూ పోయి చేరే ఇంకో చోటు, నెల నుంచి మూడు నెలలు ఉండగలిగేది, అదే ఊళ్ళో ఉండాల. 2022లో జిల్లాలు విడిపోయినాక నంద్యాల, పుట్టపర్తి, రాయచోటి వాళ్ళు ఎక్కడికి పోవాల్నో కూడా కాగితం మీద ఉండాల. భవనం కొత్తది అక్కర్లేదు, ఖాళీగా పడున్న హాస్టళ్ళు ఎన్నో ఉన్నాయి. డబ్బు మాత్రం జీతాలకూ, తిండికీ, తోడుగా వచ్చే ఆడమనిషి కూలీకీ, ఇంటికి పోయి పలకరించేవాడి బస్ చార్జీకీ పోవాల. పెన్నా తమ్ముడు చెప్పినట్టు రాత్రి మేలుకునే మనిషికి ముందు.

ఇది ఉచితంగా తిండి పెట్టే సత్రం అనుకునేవాళ్ళు ఉంటారు. మా ధర్మవరంలో పట్టుచీర నేసే చేయి వణికితే ఆ చీర డ్యామేజీ కింద పోతుంది, కూలీ కోస్తారు. ఆ చేతి మీద ఇల్లంతా బతుకుతాది. ఆ చేతిని నిలబెట్టడానికి పెట్టే ఖర్చు దండగ ఎట్లయితుంది?


బుగ్గవంక · 6:10

సమాచార హక్కు దరఖాస్తు నేను రాస్తాను. 2 శాతం సెస్ కింద ఏ ఏడాది ఎంత వచ్చింది, ఏ జిల్లాకు ఎంత పోయింది, ఏ పద్దు కింద ఖర్చైంది. జిల్లాలో నమోదైన కేంద్రాలెన్ని, వాటిని ఎప్పుడు తనిఖీ చేశారు. ఆసుపత్రి వార్డులో ఎంతమందిని చేర్చారు, ఎంతమందిని పడక లేక తిప్పి పంపారు. ఫీజు జిల్లా స్థాయిలో 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఒకే దరఖాస్తు అన్ని జిల్లాల్లోనూ వేద్దాం, ఎవరి జిల్లాలో వాళ్ళు. మల్లి అక్కా, మీరు ఒప్పుకుంటే ఆ కేంద్రం మీద మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు కూడా ఇద్దాం. మీ పేరు ఇక్కడ ఎక్కడా రాయొద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.


మడకశిర_మల్లి · 6:22

పెడతాను సార్. కాలి ఫోటో తీసిపెట్టినాను, పనికొస్తాదా?


బుగ్గవంక · 6:25

తప్పకుండా పనికొస్తుందక్కా. డిలీట్ చేయొద్దు. డబ్బు కట్టిన రసీదు, ఫోన్‌లో కాల్స్ ఉంటే అవి కూడా.


కొత్త_సభ్యుడు_డోన్ · రాత్రి 8:50

ఇప్పుడే చేరాను. మా నాయన నిన్న పొద్దుటి నుంచి తాగలేదు, మేమే గదిలో పెట్టి గొళ్ళెం వేసినాం. సాయంత్రం నుంచి చేతులు బాగా వణుకుతున్నాయి, గోడ మీద చీమలు పోతాన్నాయి అంటున్నాడు. చీమలు లేవు. మా చిన్నమ్మ మందు మాన్పించే పొడి తెచ్చింది, టీలో కలపమంటాంది. పొద్దున్నే ఆసుపత్రికి పోతే సరిపోతుందా?


వార్డు_అక్క · 8:53

పొద్దున కాదు బాబూ, ఇప్పుడే. గొళ్ళెం తీయండి. ఒంటరిగా వదలొద్దు. ఆ పొడి వేయొద్దు, అందులో ఏముందో ఎవరికీ తెలీదు, కొన్నింట్లో కలిపే మందు ప్రాణం మీదికి తెస్తుంది. 108కి ఫోన్ చేసి, తాగుడు ఆపినాడు, లేనివి కనిపిస్తున్నాయి అని ఆ మాటలే చెప్పు. క్యాజువాలిటీలో గ్లూకోజ్ ఎక్కించేముందు థయామిన్ వేశారా అని అడుగు. ఆధార్ కార్డు, ఇప్పటిదాకా వాడిన మాత్రల చీటీలు పట్టుకో. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పండుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు.


కొత్త_సభ్యుడు_డోన్ · 9:10

108 వస్తాంది అక్కా. కర్నూలుకే తీసుకుపోతారంట.


హంద్రీ_ఒడ్డు · 9:14

తమ్ముడూ, నేను కర్నూలు టౌన్‌లోనే ఉంటాను. క్యాజువాలిటీ గేటు దగ్గర ఉంటా, నీ నంబరు నాకు మెసేజ్ పెట్టు. రాత్రికి మీ అమ్మ వస్తాంటే మా ఇంట్లో పండుకోవచ్చు.